తిరుపతిలో బస: హోటల్ గదా, రోజు అద్దె ఇల్లా?

తిరుపతిలో ఉంటున్నవాళ్లను ఊళ్ల నుంచి చుట్టాలు అడిగే ప్రశ్నల్లో దర్శనం టికెట్ల తర్వాతి స్థానం దీనిదే: "బాబాయ్, హోటల్లో దిగమంటారా, ఇల్లు తీసుకోమంటారా?" ఒకప్పుడు ఈ ప్రశ్నే ఉండేది కాదు. కొండమీద గది దొరికితే సరి, లేదంటే బస్టాండు దగ్గరో రైల్వేస్టేషన్ దగ్గరో లాడ్జి. ఇప్పుడు భవానీ నగర్ మొదలుకొని తిరుచానూరు రోడ్డు దాకా అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లను మంచాలు, ఫ్రిజ్, గ్యాస్ పొయ్యితో సహా రోజుల లెక్కన అద్దెకిస్తున్నారు. హోమ్‌స్టే అని కొందరు, సర్వీస్ అపార్ట్‌మెంట్ అని కొందరు బోర్డు పెడతారు. పేరు ఏదైనా సంగతి ఒకటే: తాళం మీ చేతికిచ్చి వెళ్లిపోతారు, లోపల ఇల్లు మీది.

చాలామంది రెండింటి అద్దెలూ పక్కపక్కన వేసుకుని, తలకు ఎంత పడుతుందో లెక్కగట్టి తేల్చేస్తారు. ఇతర ఊళ్లలో అది సరిపోవచ్చు. తిరుపతిలో సరిపోదు. ఇక్కడ మన వేళలు మన చేతిలో ఉండవు. దర్శనానికి ఏ సమయం ఇస్తే ఆ సమయానికి కొండెక్కాలి, ఎప్పుడు పూర్తయితే అప్పుడు దిగాలి. అందుకే నా మాట ఇది: ఇక్కడ బస ఎంచుకునేటప్పుడు మొదట వేళ చూడండి, తర్వాత స్నానాల గదులు, ఆ తర్వాత మెట్లు. అద్దె చివర్లో చూసినా నష్టం లేదు.

ముందు తేల్చుకోవలసినవి

*వేళ.* మీ రైలు తెల్లవారుజామున నాలుగింటికి వస్తుంది అనుకుందాం. హోటల్లో అందరూ మధ్యాహ్నం పన్నెండింటికే గది ఖాళీ చేయాలన్న పద్ధతి ఉంటే, ఐదింటికి గదిలోకి వెళ్లిన మీకు మధ్యాహ్నం పన్నెండుకే ఒక రోజు అద్దె ఖర్చయిపోతుంది. ఆ రాత్రి పడుకోవాలంటే రెండో రోజు అద్దె. అదే ఇరవై నాలుగు గంటల పద్ధతి ఉన్న హోటల్ అయితే మర్నాడు ఐదింటి దాకా గది మీదే. తిరుపతిలో ఈ రెండో పద్ధతి పాటించే హోటళ్లు చాలానే ఉన్నాయి. యాత్రికుల రాకపోకలను బట్టి ఏర్పడిన అలవాటు ఇది. అద్దె ఇళ్లలో మాత్రం సాధారణంగా మధ్యాహ్నం లోపలికి, మర్నాడు ఉదయం బయటికి. మధ్యలో ఇల్లు ఊడ్చి, దుప్పట్లు మార్చాలి కాబట్టి యజమానులు దానికి గట్టిగా కట్టుబడతారు.

దీనికి ఘాట్ రోడ్డు లెక్క కూడా కలపండి. కింది నుంచి పైకి బస్సులో దాదాపు గంట. అలిపిరి తనిఖీ దగ్గర వరుస ఉంటే ఇంకా ఎక్కువ. అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలు ఘాట్ రోడ్డు మూసేస్తారు. రాత్రి బాగా పొద్దుపోయాక దర్శనం అయినవాళ్లు కిందికి రావడానికి తెల్లవారుజాము దాకా ఆగవలసి రావచ్చు. ఆ రాత్రి కింద మీ కోసం ఖాళీగా ఉన్న గదికి అద్దె పడుతూనే ఉంటుంది. ఎక్కువమంది డబ్బు పోయేది ఇక్కడే.

*స్నానాల గదులు.* ఇది చిన్న విషయమనుకునేవారు తెల్లవారుజామున మూడింటికి తిరుపతిలో ఒక కుటుంబం లేచే తీరు చూడాలి. అందరూ తలస్నానం చేయాలి. పిల్లలకు పోయాలి, పెద్దవాళ్లకు వేడినీళ్లు కావాలి. ఆరుగురికి ఒకే స్నానాల గది ఉంటే, మనిషికి ఇరవై నిమిషాల చొప్పున రెండు గంటలు. పైగా పదిహేను లీటర్ల గీజరులోంచి వచ్చేది, చన్నీళ్లు కలుపుకుంటే, ఒక మనిషి స్నానానికి సరిపోయే నీళ్లు. అది మళ్లీ కాగడానికి పావుగంట పైగా పడుతుంది. ఎనిమిది గంటల టికెట్ ఉన్నవాళ్లు ఐదుకల్లా బయలుదేరాలంటే ఈ లెక్క ముందురోజే వేసుకోవాలి. హోటల్లో రెండు గదులు తీసుకుంటే రెండు స్నానాల గదులు తప్పకుండా వస్తాయి. "రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు" అన్న మాటలో ఆ హామీ లేదు. ఒకటే బాత్‌రూమ్ ఉండవచ్చు, రెండు ఉన్నా గీజరు ఒకదానికే ఉండవచ్చు. అడిగి తెలుసుకోవాలి.

*మెట్లు.* అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కి, గంటల తరబడి వరుసలో నిలబడి వచ్చిన కాళ్లకు లిఫ్టు లేని మూడో అంతస్తు ఒక శిక్ష. అమ్మానాన్నలతో వచ్చేవారు ఈ ఒక్క కారణంతోనే ఒక ఇంటిని వద్దనుకోవచ్చు.

*సామాను.* మీరు కొండమీద ఉన్నంతసేపూ పెట్టెలు ఎక్కడ ఉంటాయి? గది ఖాళీ చేశాక కూడా సాయంత్రం దాకా పెట్టెలు రిసెప్షన్‌లో ఉంచడానికి చాలా హోటళ్లు ఒప్పుకుంటాయి. ఇంటికి తాళం ఇచ్చేశాక అలాంటి చోటు ఉండదు. నడిచి ఎక్కేవారి సామానును టీటీడీ మెట్ల మొదట్లో తీసుకుని పైకి చేరుస్తుంది. కొండమీద యాత్రికుల వసతి సముదాయాల్లో లాకర్లు ఉచితం. ఈ రెండూ వాడుకోగలిగితే ఒక రోజు యాత్రకు కింద గదే అక్కర్లేదు.

హోటల్ ఎక్కడ మేలు

హోటల్‌కు ఉన్న అసలైన బలం రాత్రంతా మెలకువగా ఉండే రిసెప్షన్. రైలు మూడు గంటలు ఆలస్యమైనా, దర్శనం అయి అర్ధరాత్రి దిగినా తలుపు తీసేవారు ఉంటారు. గీజరు పనిచేయకపోతే కిందికి ఒక ఫోను చేస్తే చాలు, లేదంటే గది మారుస్తారు. టాక్సీ పిలిపిస్తారు. ఆఫీసు పనిమీద వచ్చి బిల్లు పెట్టుకోవలసినవారికి జీఎస్టీ నంబరుతో సరైన బిల్లు ఇస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదులపై పన్ను 5 శాతానికి తగ్గింది. అంతకు మించిన గదులకు 18 శాతం. పాత లెక్క పన్నెండు శాతమే మనసులో పెట్టుకుని ఉన్నవారు బిల్లు ఒకసారి చూసుకోండి.

చోటు విషయంలోనూ హోటళ్లదే పైచేయి. సర్వదర్శనం టోకెన్లు ఇచ్చే కేంద్రాలు బస్టాండు ఎదుట శ్రీనివాసం, రైల్వేస్టేషన్ ఎదుట విష్ణు నివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్. టికెట్ ముందుగా దొరకక టోకెన్‌పైనే ఆధారపడి వచ్చేవారు తెల్లవారకముందే ఆధార్ కార్డు పట్టుకుని అక్కడ నిలబడాలి. నడిచి వెళ్లగల దూరంలో గది ఉంటే ఇంట్లోవాళ్లు విడతలుగా వచ్చి స్నానం, టిఫిన్ కానిచ్చుకోవచ్చు. గోవిందరాజస్వామి ఆలయం కూడా స్టేషన్ పక్కనే. వృద్ధులు ఒక పూట ఆ దర్శనం నెమ్మదిగా చేసుకుని వచ్చి పడుకోవచ్చు.

లోటు ఎక్కడంటే, నలుగురికి మించిన కుటుంబాన్ని హోటల్ విడగొడుతుంది. పిల్లలు ఒక గదిలో, పెద్దవాళ్లు ఇంకో గదిలో, కొన్నిసార్లు వేర్వేరు అంతస్తుల్లో. అదనపు పరుపు అడిగితే దానికి వేరే రుసుము. రాత్రి పాలు వేడిచేసుకోవాలన్నా, తాతగారికి ఉప్పు తగ్గించి జావ కాయాలన్నా కుదరదు. స్టేషన్ చుట్టుపక్కల హారన్ల మోత అర్ధరాత్రికి కూడా ఆగదు. నిద్ర తేలికైనవారు రోడ్డు వైపు కాకుండా వెనక గది అడగాలి.

అద్దె ఇల్లు ఎక్కడ మేలు

ఒకే హాల్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవడం ఇంటివల్ల వచ్చే మొదటి లాభం. బిడ్డకు తలనీలాలు ఇవ్వడానికి అమ్మమ్మ, నానమ్మ ఇద్దరి తరఫువాళ్లూ కలిసి వస్తారు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తలనీలాలు తీయించి వచ్చాక, ఆ సాయంత్రం అందరూ కలిసి ఉండే చోటు ఉండాలి. హోటల్ కారిడార్‌లో ఆ కలయిక సాగదు. కొండమీదో తిరుచానూరులోనో పెళ్లి పెట్టుకున్నవారికి కూడా అంతే. పెళ్లికూతురిని తయారుచేయడానికి, పసుపు, కుంకుమ, పళ్లేలు సర్దుకోవడానికి ఒక ఇల్లు ఉంటే ఆ రెండు రోజులూ సాఫీగా జరుగుతాయి.

రెండో లాభం వంటగది. ఏడాది లోపు పిల్లలున్న తల్లికి దీని విలువ చెప్పనక్కర్లేదు: పాలసీసాలు మరగబెట్టుకోవాలి, పెసరపప్పుతో మెత్తటి అన్నం వండాలి. షుగర్ ఉన్న పెద్దలకు వేళకు తిండి పడాలి. ఉదయం నాలుగున్నరకే కొండకు బయలుదేరే ఇంటికి ముందురాత్రి చేసిపెట్టుకున్న పులిహోర, పెరుగన్నం ఎంతో ఆసరా.

కానీ ఆ వంట ఎవరు చేస్తారు? ఈ మాట నేను ప్రతి కుటుంబాన్నీ అడుగుతాను. డబ్బు ఆదా అవుతుందని ఇల్లు తీసుకుని, దర్శనం నుంచి వచ్చిన ఇల్లాలిని నేరుగా పొయ్యి దగ్గర నిలబెట్టడం న్యాయం కాదు. ఆమె కూడా యాత్రకే వచ్చింది. కాఫీ, పాలు, ఒక పూట టిఫిన్ వరకు ఇంట్లో, మిగతాది బయట అని ముందే అనుకుంటే మంచిది. కొండమీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఎలాగూ అందరికీ ఉచితంగా భోజనం ఉంటుంది, కడుపునిండా పెడతారు.

మూడోది ఖర్చు. కొన్ని ఊహా అంకెలతో చూద్దాం. మీ అంకెలు వేసుకుని మళ్లీ లెక్క చూసుకోండి. ఆరుగురి కుటుంబం. హోటల్లో రెండు గదులు, ఒక్కోటి 2,000, పన్నుతో కలిపి రోజుకు 4,200. ఇల్లు రోజుకు 4,500, ఖాళీ చేసేటప్పుడు శుభ్రం చేసినందుకు ఒక్కసారి 500. ఒక్క రాత్రికి హోటల్ 4,200, ఇల్లు 5,000. మూడు రాత్రులకు హోటల్ 12,600, ఇల్లు 14,000. అద్దె ఒక్కటే చూస్తే ఇల్లే ఎక్కువ. కానీ బయట ఆరుగురి భోజనానికి పూటకు 900 అయ్యే చోట ఇంట్లో 300తో గడిస్తే, రెండు మూడు పూటల్లో ఆ తేడా తీరిపోతుంది. అందుకే ఒక్క రాత్రికి ఇల్లు దాదాపు ఎప్పుడూ గిట్టదు. మూడు రాత్రులకు గిట్టుతుంది, ఇంట్లో వండుకునే పక్షంలో.

ఇంటి ఇబ్బందులు తాళం దగ్గరే మొదలవుతాయి. యజమాని వేరే ఊళ్లో ఉంటాడు, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, మీరు దిగేసరికి అతను నిద్రలో ఉంటాడు. నీళ్ల ట్యాంకు ఖాళీ అయితే మోటారు ఎవరు వేయాలో తెలియదు. పక్క ఫ్లాట్లలో రోజూ ఉద్యోగాలకు వెళ్లే కుటుంబాలు ఉంటాయి. మూడింటికి లేచి బకెట్ల చప్పుడు చేస్తే వాళ్ల నిద్ర పాడవుతుంది. వాళ్లు అభ్యంతరం చెప్పడంలో తప్పు లేదు. కొన్ని అపార్ట్‌మెంట్ సంఘాలు రోజు అద్దెలకు అసలు ఒప్పుకోవు. యజమాని ఆ సంగతి దాచిపెడితే గేటు దగ్గర మాటలు పడేది మీరు.

ఒకచోట చూసుకోవడానికి

| చూడవలసింది | హోటల్ | రోజు అద్దె ఇల్లు |
|---|---|---|
| వేళకాని వేళ రాక | ఇబ్బంది లేదు | తాళం ఏర్పాటు ముందే మాట్లాడాలి |
| అద్దె గంటలు | 24 గంటల పద్ధతి దొరుకుతుంది | మధ్యాహ్నం నుంచి మర్నాటి ఉదయం వరకు |
| స్నానాల గదులు | గదికి ఒకటి | ఇంటిని బట్టి, అడగాలి |
| వంట | కుదరదు | కుదురుతుంది |
| ఖాళీ చేశాక సామాను | రిసెప్షన్‌లో పెట్టుకోవచ్చు | చోటు ఉండదు |
| ఏదైనా పాడైతే | వెంటనే చూస్తారు | యజమానిని బట్టి |
| పెద్ద కుటుంబం | విడిపోవాలి | కలిసి ఉండవచ్చు |
| బిల్లు | జీఎస్టీ బిల్లు | చాలాచోట్ల మామూలు రశీదే |

ఎవరికి ఏది

దంపతులు ఇద్దరే, ఒక దర్శనం, ఒక రాత్రి: హోటల్. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. ఇరవై నాలుగు గంటల పద్ధతి ఉన్నది చూసుకోండి.

నడిచి ఎక్కే కుర్రకారుకు ఏ దారి అన్నది ముందు తేలాలి. అలిపిరి దారి అయితే సుమారు తొమ్మిది కిలోమీటర్లు. కపిలతీర్థం రోడ్డులో గది తీసుకుంటే పొద్దున్నే ఆటోలో అయిదు పది నిమిషాలు. శ్రీవారి మెట్టు అయితే 2,388 మెట్లే, రెండు కిలోమీటర్ల పైచిలుకు, కానీ అది చంద్రగిరి వైపు, శ్రీనివాస మంగాపురం దగ్గర. తిరుచానూరు రోడ్డులో దిగి అక్కడికి పోవాలంటే ఊరంతా దాటాలి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయాక పిల్లలతో నడిచేవారికి వేళల పరిమితులు పెట్టారు. పిల్లలు ఉంటే బయలుదేరే ముందురోజు వేళలు కనుక్కోండి.

వృద్ధులతో వచ్చేవారికి నా ఓటు లిఫ్టు ఉన్న హోటల్‌కే. ఇల్లయితే కింది అంతస్తు దొరికితేనే. మరుగుదొడ్డి వెస్టర్న్ కమోడేనా అన్నది కూడా మొహమాటపడకుండా అడగండి. మోకాళ్ల నొప్పులున్నవారికి అది గది అద్దెకంటే ముఖ్యం.

శ్రీకాళహస్తి, కాణిపాకం కూడా కలుపుకుని మూడు నాలుగు రోజులు ఉండే కుటుంబాలకు ఇల్లు బాగుంటుంది. శ్రీకాళహస్తి ఒకవైపు, కాణిపాకం చిత్తూరు దగ్గర ఇంకోవైపు, మధ్యలో తిరుపతి. రోజూ ఉదయం వెళ్లి సాయంత్రానికి అదే ఇంటికి రావచ్చు, పెట్టెలు మళ్లీ మళ్లీ సర్దే పని ఉండదు. ఒక్క జాగ్రత్త: శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకున్నాక నేరుగా సొంత ఇంటికే వెళ్లాలన్న పట్టింపు చాలా కుటుంబాల్లో ఉంది. మీకూ ఉంటే ఆ యాత్రను చివరి రోజుకు పెట్టుకుని, ఉదయమే ఇల్లు ఖాళీ చేసి సామానుతో సహా బయలుదేరండి. ఆ రాత్రికి అద్దె కట్టకండి.

స్విమ్స్, రుయా, బర్డ్ ఆసుపత్రులకు వైద్యం కోసం వచ్చేవారి సంగతి వేరు. యాత్రికుల లెక్కలు వీళ్లకు పనికిరావు. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి ఉండాలి, రోగికి పథ్యం వండాలి, తోడున్నవాళ్లు కాస్త నడుం వాల్చాలి. వీరికి తప్పకుండా ఇల్లే, అదీ అలిపిరి రోడ్డుకు దగ్గరగా. రోజు అద్దె మాట్లాడకండి. వారం లెక్కనో నెల లెక్కనో అడగండి, యజమానులు బాగా తగ్గిస్తారు. డిశ్చార్జి తేదీ మారవచ్చని ముందే చెప్పి, మారితే మిగిలిన రోజుల డబ్బు ఎలా అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి. ఆసుపత్రి ఖర్చుల మధ్య ఈ వాదన కూడా నెత్తిన పడకూడదు.

టీటీడీ గదుల మాట కూడా చెప్పాలి. కింద శ్రీనివాసం, విష్ణు నివాసం, మాధవం. కొండమీద 50, 100 రూపాయల గదుల నుంచి మొదలు. ఇవి దొరికితే పై పోలికంతా పక్కన పెట్టేయవచ్చు. ముఖ్యంగా కొండమీద గది దొరికినవారు అదే రాత్రికి కింద ఇల్లు ఉంచుకోవడం వృథా. కాకపోతే ఒంటరిగా వచ్చినవారికి కొండమీద గది ఇవ్వడం కష్టం. వాళ్లు లాకరు, లేదా కింద హోటలు చూసుకోవాలి.

అడ్వాన్సు పంపే ముందు

టీటీడీ పేరుతో గదులు, టికెట్లు ఇస్తామనే నకిలీ వెబ్‌సైట్ల గురించి దేవస్థానం పలుమార్లు హెచ్చరించింది. ప్రైవేటు ఇళ్ల విషయంలోనూ అదే మెలకువ కావాలి. ఫోటోలు నమ్మకండి. వీడియో కాల్‌లో వీధి గేటు నుంచి మొదలుపెట్టి లిఫ్టు, వంటగది, ప్రతి స్నానాల గది చూపించమనండి. గీజరు స్విచ్ వేసి ఎర్రలైటు వెలుగుతుందో లేదో చూపించమంటే తప్పేమీ కాదు. నిజమైన యజమాని రెండు నిమిషాల్లో చూపిస్తాడు. వెంటనే మొత్తం డబ్బు పంపమని తొందరపెట్టేవారిని వదిలేయండి. ఎంతమందికి ఆ అద్దె, కారు పెట్టుకునే చోటు ఉందా, మాంసాహారం వండుకోవచ్చా, దర్శనం ఆలస్యమైతే ఖాళీ చేసే వేళ ఎంత పొడిగిస్తారు, రద్దు చేస్తే ఎంత తిరిగిస్తారు, ఇవన్నీ రాతలో ఉండాలి.

అమెరికా నుంచి వచ్చిన కొడుకు, కోడలు విదేశీ పాస్‌పోర్టులతో ఉంటే ఇంకో సంగతి. విదేశీయులకు బస ఇచ్చినవారు 24 గంటల్లోగా ఆ వివరాలు అధికారులకు పంపాలి. హోటళ్లకు ఇది అలవాటైన పని. ఇంటి యజమానికి ఆ సంగతి తెలుసో లేదో అడిగి, తెలియదంటే హోటల్ తీసుకోండి.

బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవుల్లో రెండు చోట్లా అద్దెలు పెరుగుతాయి. కనీసం రెండు రాత్రులు తీసుకోవాలని పట్టుబట్టే ఇంటి యజమానులూ అప్పుడే కనిపిస్తారు. ఆ రోజుల్లో రావలసి వస్తే వరుస తప్పకండి: ముందు 300 రూపాయల దర్శనం టికెట్, దాని మీది తేదీ, వేళ చేతికి వచ్చాక రైలు, ఆ తర్వాతే గది. ఆ టికెట్లు నెలల ముందే విడుదలవుతాయి కాబట్టి, దొరికిన రోజే బసకు ఫోను చేస్తే ఇల్లయినా హోటలయినా మీరు కోరిన వీధిలో, కోరిన అంతస్తులో అడిగే వీలుంటుంది.